కొన్న మిషన్‌కు ఇన్సూరెన్స్ డబ్బు రాలేదు, అద్దె మిషన్‌కు వచ్చింది: తాడిపత్రి కేసు

నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఆసుపత్రి బిల్లు గురించే. ఈ కేసులో ఆసుపత్రి బిల్లు పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. గొడవంతా పెద్దాయన ఇల్లు చేరాక ఆయన మంచం పక్కన పెట్టిన రెండు మిషన్ల దగ్గర మొదలైంది. ఒకటి ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్, అంటే గదిలోని గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చేది. ఇంకోటి బైపాప్, మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి ఊపిరికి సాయం చేసేది. అనంతపురంలో పద్నాలుగేళ్ళుగా హెల్త్ పాలసీలు చేయిస్తున్నాను, అంతకు ముందు ఒక ఆసుపత్రి ఇన్సూరెన్స్ కౌంటర్లో కూర్చున్నాను. అయినా ఈ కేసులో నేనిచ్చిన ఒక సలహా తప్పయింది. అది కూడా రాస్తాను. ఇంటివాళ్ళ అనుమతి తీసుకున్నాను. పేర్లు, కంపెనీలు, ఆసుపత్రి పేరు రాయడం లేదు.

పెద్దాయనకు 61 ఏళ్ళు. తాడిపత్రిలో బండల పాలిష్ యూనిట్లలో ఇరవై ఏడేళ్ళు పనిచేసి 2018లో మానేశారు. బీడీ అలవాటు ఉండేది. కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. 2019 ఆగస్టులో నా ద్వారానే తల్లిదండ్రులకు 5 లక్షల పాలసీ తీసుకున్నాడు. 2025 జనవరిలో సంక్రాంతికి ఇంటికొచ్చాడు. కనుమ మరుసటి రోజు తెల్లవారుజామున పెద్దాయనకు ఆయాసం ఎక్కువై మాట తడబడింది, మనిషి మగతలోకి పోయాడు. కారులో అనంతపురం తెచ్చి సాయినగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. రక్తంలో ఆక్సిజన్ తగ్గింది, కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయింది. జబ్బు సీఓపీడీ, అంటే గాలి గొట్టాలు ఇరుకైపోయి ఏళ్ళ తరబడి ఉండే ఊపిరితిత్తుల జబ్బు. ఐసీయూలో ఐదు రోజులు బైపాప్ మీద ఉంచారు. మొత్తం తొమ్మిది రోజులు ఆసుపత్రిలోనే.

కొడుకు నాకు ఫోన్ చేసింది చేరిన రోజు సాయంత్రం. అప్పటికే ఒక మాట జారిపోయింది. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు "ఆయాసం ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగితే, పక్కనున్న అల్లుడు "పదేండ్ల నుంచి ఉండాది సార్" అన్నాడట. డాక్టరు కేస్ షీట్లో అదే రాసుకున్నాడు. 2019 ప్రపోజల్ ఫారంలో ఊపిరితిత్తుల జబ్బు ఏదీ లేదని రాశాం. నిజానికి అప్పటికి ఆయనకు జబ్బు నిర్ధారణ కాలేదు. మొదటి ఇన్‌హేలర్ చీటీ 2021ది. మన దగ్గర "పదేండ్లు" అంటే "చాన్నాళ్ళు" అని అర్థం, లెక్కపెట్టి చెప్పిన పది కాదు. ఇన్సూరెన్స్ వాళ్ళకు ఆ తేడా ఎక్కడ తెలుస్తుంది? జబ్బు దాచిపెట్టి పాలసీ తీసుకున్నారేమోనని ప్రశ్న పంపారు.

పాత ఓపీ చీటీలు వెతికి పెట్టాం. కానీ అసలు పని చేసింది అవి కాదు, మారటోరియం. పాలసీ ఆపకుండా 60 నెలలు నడిస్తే, ఆ తర్వాత మోసం అని నిరూపిస్తే తప్ప "మీరు చెప్పలేదు" అని క్లెయిమ్ ఆపడానికి వీల్లేదు. ఇంతకుముందు ఇది ఎనిమిదేళ్ళు ఉండేది, 2024 ఏప్రిల్ నుంచి ఐదేళ్ళకు తగ్గించారు. మన పాలసీకి అప్పటికి 65 నెలలు. ఆ ఒక్క లైను రాసి పంపాక క్యాష్‌లెస్ (బిల్లు ఇన్సూరెన్స్ కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే) అనుమతి వచ్చింది.

బిల్లు 3,42,600. కంపెనీ కట్టింది 3,11,200. మిగతా 31,400 కోత. కోత కాగితాన్ని అప్పుడు ఎవరూ సరిగా చూడలేదు, నేను కూడా. మనిషి ప్రాణంతో ఇంటికి పోతున్నాడన్న సంతోషం అలాంటిది. ఆ కాగితం సంగతి తర్వాత వస్తుంది.

డిశ్చార్జ్ రోజు

జనవరి 25న ఊపిరితిత్తుల డాక్టరు రెండు మిషన్లు రాశారు. రాత్రిపూట బైపాప్, రోజుకు పదహారు గంటలు ఆక్సిజన్. కొడుకు నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "అన్నా, మిషన్లకు డబ్బులొస్తాయా, రావా? ముందు అది చెప్పు."

నేను చేయించిన పాలసీ వరకు జవాబు తెలిసిందే. ఇంట్లో వాడే సీపాప్ (నిద్రలో ఊపిరి ఆగకుండా గాలిని ఒత్తిడితో పంపే మిషన్), బైపాప్, ఆక్సిజన్ మిషన్ లాంటి వాటి ఖర్చు ఇవ్వమని అందులో స్పష్టంగా ఉంది. మామూలు పాలసీల్లో చాలావాటికి ఇదే మాట. ఇది కాక ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వాళ్ళ "ఇవ్వని వస్తువుల" జాబితా ఒకటుంది. 68 వస్తువుల ఆ జాబితాలో "ఆసుపత్రి బయట వాడే ఆక్సిజన్ సిలిండర్" అని పేరు పెట్టి మరీ రాశారు. నెబ్యులైజర్ కిట్, స్టీమ్ ఇన్‌హేలర్, నడుము బెల్టు, మోకాలి పట్టీ, గాలి పరుపు అన్నీ అందులోనే.

కొడుకు ఊరికే ఉండే రకం కాదు. రెండు వాదనలు తెచ్చాడు. ఒకటి, 2021లో వాళ్ళ వీధిలో ఒకాయనకు ఇంట్లో పెట్టిన ఆక్సిజన్ సిలిండర్‌కు ఇన్సూరెన్స్ వచ్చిందని. అది నిజమే అయి ఉంటుంది. కరోనా కవచ్ పాలసీలో 14 రోజుల ఇంటి చికిత్సకు పల్స్ ఆక్సీమీటరు, ఆక్సిజన్ సిలిండర్, నెబ్యులైజర్ ఖర్చు కూడా చేర్చారు. అది ఆ ఒక్క జబ్బు కోసం పుట్టిన పాలసీ. రెండోది, మా పాలసీలో "ఇంట్లోనే చికిత్స" అని ఉంది కదా అని. అది వేరే. ఆసుపత్రిలో చేర్చాల్సినంత జబ్బుండి, రోగిని కదిలించలేకనో బెడ్ దొరక్కనో మూడు రోజులకు మించి ఇంట్లో వైద్యం చేయిస్తే వర్తించేది. ఆసుపత్రి నుంచి వచ్చాక వాడే మిషన్‌కు పనికిరాదు. పైగా అందులో ఆస్తమా, బ్రాంకైటిస్ లాంటివి తీసేసి ఉంటారు, మన పాలసీలోనూ తీసేశారు.

సరే, రావు. అంతవరకు నేను చెప్పింది కరెక్టే. తప్పు తర్వాతి మాటలో ఉంది. "ఎట్లా రావు కాబట్టి ఆక్సిజన్ మిషన్ కొనేయండి. నెలకు 5,000 అద్దె దండగ, తొమ్మిది నెలల అద్దెతో మిషనే వస్తుంది" అన్నాను. లెక్కకు బాగుంది. నిమిషానికి ఐదు లీటర్లిచ్చే మిషన్ 46,000 పెట్టి కొన్నారు. డీలరు చిన్న చీటీ మీద "ఆక్సిజన్ మిషన్ 1" అని రాసిచ్చాడు. కరెంటు పోతే ఉంటుందని ఒక చిన్న సిలిండర్ కూడా ఇంట్లో పెట్టుకున్నారు.

బైపాప్ మాత్రం అద్దెకు తెచ్చారు, నెలకు 6,500, డిపాజిట్ 10,000. అదీ నా తెలివి కాదు. డాక్టరే "నెల తర్వాత ఏబీజీ (రక్తంలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కొలిచే పరీక్ష) చేసి చూస్తేగానీ ఇది ఎన్నాళ్ళు అవసరమో తెలియదు, ఇప్పుడే కొనకండి" అన్నారు. ఆక్సిజన్ గురించి కూడా అదే మాట చెప్పారు, మూడు నెలలకు మళ్ళీ పరీక్ష చేద్దామని. దాన్ని మేం చెవిన పెట్టలేదు. తొమ్మిది రోజులు మానిటర్ మీద ఆక్సిజన్ అంకె చూసుకుంటూ కూర్చున్న వాళ్ళకు ఆ మిషన్ మీద ఉండే భయం అలా ఉంటుంది.

డాక్టరు మాట వెనుక లెక్క నాకు తర్వాత అర్థమైంది. జబ్బు ముదిరి ఆసుపత్రిలో పడ్డప్పుడు చూసే అంకెలు మనిషి అసలు స్థితి కావు. కుదుటపడ్డాక కూడా రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి 55 లేదా అంతకన్నా తక్కువ, లేదా వేలికి పెట్టే మీటరులో 88 శాతం లేదా అంతకన్నా తక్కువ ఉంటేనే మామూలుగా దీర్ఘకాలం ఆక్సిజన్ అంటారు. అప్పుడు రోజుకు కనీసం పదిహేను గంటలు వాడాలి. డిశ్చార్జ్ రోజు ఆక్సిజన్ అవసరమైన వాళ్ళలో చాలామందికి రెండు మూడు నెలల తర్వాత ఆ అవసరం ఉండదు. బైపాప్ సంగతీ అంతే, రెండు నుంచి నాలుగు వారాలు గడిచాక కూడా కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉంటే అప్పుడు ఇంట్లో పెట్టుకోమంటారు.

నలభై ఒక్క పేజీలు

ఫిబ్రవరి రెండో వారంలో కొడుకు మాటల మధ్యలో అన్నాడు, "మా కంపెనీ పాలసీలో కూడా నాయన పేరుంది కదన్నా" అని. నాకు నెత్తిన పిడుగు పడ్డట్టయింది. అడగాల్సిన మొదటి ప్రశ్న అది. నేను చేయించిన పాలసీ చేతిలో ఉంది కాబట్టి దాంతోనే సరిపెట్టుకున్నాను. బెంగళూరులో పిల్లలుండే ఇళ్ళు అనంతపురం జిల్లాలో ఎన్నో. ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు మొదట అడుగుతున్నది ఇదే.

కంపెనీ గ్రూప్ పాలసీలో తల్లిదండ్రులకు 3 లక్షలు. ఉద్యోగులకు హెచ్ఆర్ పంపేది రెండు పేజీల రంగుల కాగితం. అందులో గది అద్దె, ప్రసవం ఖర్చు తప్ప ఏమీ ఉండదు. అసలు పాలసీ కాగితం, దాని వెనుక కలిపే షరతులు అడగమన్నాను. మూడు మెయిళ్ళ తర్వాత వచ్చింది, 41 పేజీలు. గ్రూప్ పాలసీ అంటే కంపెనీ బేరమాడి కొనుక్కునేది. ఒక కంపెనీ పాలసీలో ఉన్నది ఇంకో దాంట్లో ఉండదు. 37వ పేజీలో ఒక వాక్యం దొరికింది. దాని సారం ఇది: ఆసుపత్రిలో చేరిన జబ్బుకే, డాక్టరు రాసిస్తే, ఇంట్లో వాడే వైద్య పరికరాల అద్దెను ఆసుపత్రి తర్వాతి 60 రోజుల గడువు వరకు ఇస్తాం. కొనుగోలు ఖర్చు ఇవ్వం.

ఆ వాక్యం చదివి కాసేపు మాట్లాడలేకపోయాను. రెండు నెలల ఆక్సిజన్ మిషన్ అద్దె 10,000 వచ్చి ఉండేది. నా సలహాతో 46,000 పెట్టి కొన్నారు.

మిగిలింది బైపాప్ అద్దె. దానికైనా కాగితాలు సరిగా పెట్టాలి. డిశ్చార్జ్ సమ్మరీ చివర డాక్టరు "హోమ్ బైపాప్, హోమ్ ఆక్సిజన్" అని మాత్రమే రాసి ఉన్నారు. ఆయన దగ్గరికి మళ్ళీ పోయి విడిగా ఒక లెటర్ తీసుకున్నాం. ఎందుకు అవసరం, డిశ్చార్జ్ నాటి ఏబీజీలో కార్బన్ డయాక్సైడ్ 66, మిషన్ సెట్టింగులు, రాత్రికి ఎనిమిది గంటలు, ఎన్ని వారాల తర్వాత మళ్ళీ పరీక్ష. మొహమాటం లేకుండా చెప్తున్నా, ఆ లెటర్ డిశ్చార్జ్ రోజే తీసుకుంటే ఐదు నిమిషాల పని. తర్వాత పోతే ఓపీలో రెండు గంటల లైను.

డీలరు దగ్గర ఇంకో తిప్పలు. అద్దె బిల్లు కావాలంటే "ఇంతవరకు ఎవరూ అడగలేదు సార్" అన్నాడు. రోగి పేరు, మిషన్ మోడలు, సీరియల్ నంబరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, జీఎస్టీ నంబరు ఉండాలని కాగితం మీద రాసిచ్చాను. డిపాజిట్ వేరే రసీదులో రాయమన్నాను. కొడుకు మొదట 10,000 డిపాజిట్‌ను కూడా క్లెయిమ్‌లో కలిపాడు. తిరిగొచ్చే డబ్బును ఖర్చని అడిగితే మొత్తం కాగితాలనే అనుమానంగా చూస్తారు, తీయించేశాను.

మాత్రలు, ఇన్‌హేలర్లు, నెల తర్వాత చేసిన ఏబీజీ, ఓపీ ఫీజు కలిపి 9,400 అయింది. దాన్ని మొదటి పాలసీలోనే ఆసుపత్రి తర్వాతి ఖర్చుల కింద అడిగాం, ఏ పేచీ లేకుండా వచ్చింది. ఇలాంటి బిల్లులకు గడువు ఉంటుందని చాలామందికి తెలియదు. మన పాలసీలో 60 రోజులు ముగిశాక 15 రోజుల్లోపు పెట్టాలి.

12,500

గ్రూప్ పాలసీ టీపీఏ (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థ) బైపాప్ అద్దె క్లెయిమ్‌ను తిప్పికొట్టింది. కారణం మాత్రం నేననుకున్నది కాదు. ఆసుపత్రి తర్వాతి ఖర్చు ఇవ్వాలంటే ముందు ఆసుపత్రి క్లెయిమ్ ఈ పాలసీలో ఒప్పుకోదగ్గదై ఉండాలి. మీ ఆసుపత్రి బిల్లు వేరే కంపెనీ కట్టేసింది, మిగిలిన 31,400 అంతా ఇవ్వని వస్తువులే, కాబట్టి మా దగ్గర ఆసుపత్రి క్లెయిమ్ సున్నా, సున్నా మీద అద్దె ఇవ్వలేం. ఇదీ వాళ్ళ లెక్క.

అప్పుడు తీశాను ఆ కోత కాగితం. గ్లౌజులు, మాస్కులు, డైపర్లు, అవన్నీ సరే. మధ్యలో ఒక లైను: బైపాప్ చార్జీలు, ఐదు రోజులు, రోజుకు 2,500, మొత్తం 12,500. దాన్ని కూడా "ఇవ్వని వస్తువు" అని కోసేశారు. ఐఆర్‌డీఏఐ జాబితాలు నాలుగు. మొదటిది అసలు ఇవ్వనివి. మిగతా మూడూ గది ఖర్చులో, ఆపరేషన్ ఖర్చులో, చికిత్స ఖర్చులో కలిసిపోవాల్సినవి. బైపాప్ మిషన్ ఉన్నది నాలుగో జాబితాలో. అంటే విడిగా బిల్లు వేయకూడదు, చికిత్స ఖర్చులో భాగంగా చూడాలి అని. మొదటి జాబితాలో ఉన్న డైపర్‌నూ ఐసీయూలో ప్రాణం నిలిపిన బైపాప్‌నూ ఒకే గంపలో వేసేశారు. మా కౌంటర్ రోజుల్లో ఇలాంటి కోతలు ఎన్ని చూశానో. రోగి బంధువులు డిశ్చార్జ్ హడావుడిలో కట్టేసి పోతారు.

ఆసుపత్రి బిల్లింగ్ వాళ్ళతో మాట్లాడి, ఆ ఐదు రోజుల బైపాప్ ఐసీయూ చికిత్సలో భాగమేనని ఒక లెటర్ ఇప్పించాను. మొదటి కంపెనీ నుంచి సెటిల్‌మెంట్ లెటర్, బిల్లుల నకళ్ళ మీద వాళ్ళ ముద్ర. వీటితో గ్రూప్ పాలసీ ఇన్సూరెన్స్ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాశాం, హెచ్ఆర్‌కు కాపీ పెట్టి. లెటర్లో మూడే విషయాలు. 31,400లో 12,500 ఇవ్వదగ్గ చికిత్స ఖర్చు కాబట్టి ఆసుపత్రి క్లెయిమ్ సున్నా కాదు. 37వ పేజీ వాక్యం ప్రకారం అద్దె ఇవ్వాలి. కాదంటే ఏ షరతు కింద కాదంటున్నారో నంబరుతో రాసివ్వండి. ఈ చివరిది నేను ప్రతి లెటర్లో పెడతాను. 2024 మే నాటి ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్ తిరస్కరించాలంటే కంపెనీలో రివ్యూ కమిటీ ఒప్పుకోవాలి, ఏ షరతో చూపాలి. ఊరికే "పాలసీ నిబంధనల ప్రకారం" అంటే చెల్లదు.

కొడుకుకు కోపం ఎక్కువగానే ఉంది. "అంబుడ్స్‌మన్‌కే పోదామన్నా, 46,000తో సహా అడుగుదాం" అన్నాడు. మన ఆంధ్రప్రదేశ్ వాళ్ళకు ఇన్సూరెన్స్ గొడవలు తీర్చే అంబుడ్స్‌మన్ ఆఫీసు హైదరాబాదులో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, రానివ్వరు కూడా. కంపెనీకి రాసి నెల ఆగాక, తిరస్కరించిన ఏడాది లోపల పోవచ్చు. కానీ 46,000 విషయంలో నేను వద్దన్నాను. "కొనుగోలు ఖర్చు ఇవ్వం" అని తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా అర్థం ఒకటే. ఓడిపోయే దాన్ని గెలిచేదానికి కట్టి అడిగితే రెండోదీ పలచనవుతుంది. అద్దె ఇవ్వకపోతే అద్దె కోసం పోదాం అని ఒప్పించాను.

అక్కడిదాకా పోలేదు. మూడో వారంలో గ్రూప్ పాలసీ నుంచి 12,500, రెండు నెలల బైపాప్ అద్దె 13,000, కలిపి 25,500 కొడుకు ఖాతాలో పడ్డాయి. బైపాప్‌కు కొన్న మాస్కు 3,500 ఇవ్వలేదు. కుటుంబం చేతి నుంచి పోయింది మాస్కు, ఆక్సిజన్ మిషన్, మిగిలిన కోత 18,900 కలిపి 68,400. కరెంటు బిల్లు వేరే. ఐదు లీటర్ల మిషన్ దాదాపు 350 వాట్లు తింటుంది, పదహారు గంటలు నడిస్తే నెలకు 168 యూనిట్లు.

   

తర్వాత

నెల తర్వాతి ఏబీజీలో కార్బన్ డయాక్సైడ్ 58 ఉంది, అది ఇంకా ఎక్కువే. బైపాప్ కొనసాగించమన్నారు. అంటే దీర్ఘకాలం కావాల్సింది అద్దెకు తెచ్చిన మిషనే. 60 రోజుల తర్వాతి అద్దె ఎవరూ ఇవ్వరు. ఏప్రిల్ 1న కంపెనీ గ్రూప్ పాలసీ రెన్యువల్ అయింది. కొత్త కాగితం తెప్పించి చూస్తే ఆ 37వ పేజీ వాక్యమే లేదు. గ్రూప్ పాలసీ ఏడాదికొకసారి మారుతుంది, ఎవరికీ చెప్పరు. ఇంకో నాలుగు నెలలు అద్దె కట్టి, చివరికి బైపాప్ 58,000కు కొన్నారు.

ఇంట్లో వాడే పరికరాలకు అదనపు ప్రీమియంతో కవర్ ఇచ్చే కొత్త పాలసీలు ఇప్పుడు కొన్ని వచ్చాయి. వాటికీ వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అంటే కొన్నాళ్ళు గడిచాకే కవర్ మొదలవుతుంది. జబ్బు బయటపడ్డాక పెద్దాయనకు అది తీసుకోవడం కుదిరే పని కాదు. నలభైల్లో ఉన్నవాళ్ళు అడిగితే మాత్రం చూపిస్తున్నాను. గురక, ఊబకాయం ఉన్నవాళ్ళకైతే గట్టిగానే చెప్తున్నాను, సీపాప్ అవసరం వాళ్ళకే ఎక్కువ పడుతుంది.

ఏప్రిల్ చివర్లో మూడు నెలల పరీక్ష. మిషన్ తీసేసి అరగంట కూర్చోబెట్టి చూస్తే వేలి మీటరులో 91, రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి 64. డాక్టరు "ఆక్సిజన్ ఇంక అక్కర్లేదు, బైపాప్ మానొద్దు" అన్నారు. పెద్దాయన ఇంటికి పోయి కాన్సన్‌ట్రేటర్ మీద దుప్పటి కప్పించారట.

జూన్‌లో కొడుకు ఫోన్ చేసి, "అన్నా, ఆ మిషన్ ఊరికే మూల పడుండాది. ఎవరికన్నా కావాలంటే చెప్పు, అద్దెకిద్దాం" అన్నాడు. వారం తిరక్కుండానే ధర్మవరం నుంచి ఒకామె వచ్చింది, భర్తకు రెండు నెలలకు కావాలని. మిషన్ ఆటోలో ఎక్కించాక అడిగింది, "సార్, అద్దెకు బిల్లు ఇస్తారా? ఇన్సూరెన్స్‌లో పెట్టుకోవాల" అని. ఇంటి మనిషి దగ్గర జీఎస్టీ బిల్లు ఎక్కడిది? మిషన్ దింపించి, ఆమెను సప్తగిరి సర్కిల్ దగ్గర డీలరు దగ్గరికి పంపాను. బిల్లులో ఏమేం రాయించుకోవాలో ఒక కాగితం మీద రాసిచ్చాను.